ఐదో అంతస్తు ఓటు విలువ

వసిష్ఠా ఎన్‌క్లేవులో అధ్యక్షుణ్ణి అందరూ కలిసి నేరుగా ఎన్నుకునే రోజుల్లో కుర్చీలు విరిగేవి. కిందటిసారి మూడు కుర్చీలూ, ఒక కళ్ళజోడూ, ఇద్దరు తోడల్లుళ్ళ చిరకాల స్నేహమూ విరిగాయి. గెలిచినాయన ఆ గెలుపుతోనే విసిగిపోయి, ఫ్లాటు అద్దెకిచ్చి విశాఖపట్నం చక్కాపోయాడు. పోతూ పోతూ అధ్యక్షుడి సంతకాన్ని కూడా తనతో పట్టుకుపోయాడు. ఆయన వెళ్ళిన వారానికే లిఫ్టు ఆగిపోయింది.

కాకినాడ ఊరి చివర, సముద్రపు గాలి తగిలీ తగలనట్టుండే చోట ఉంది ఆ అపార్టుమెంటు. కింద ఒక అంతస్తు, దాని మీద ఐదు. లిఫ్టు బాగుచేయించడానికి సంఘం పేరున బ్యాంకులో సొమ్ముంది. అధ్యక్షుడి సంతకం పడితే గాని బ్యాంకు వాళ్ళు దాన్ని కదలనివ్వరు. అధ్యక్షుడు లేడు. అంచేత లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య త్రిశంకుడిలా వేలాడుతూ ఉండిపోయింది.

దీనివల్ల కింది అంతస్తుల వాళ్ళకు కలిగిన నష్టం ఏమీ లేదు. మెట్లెక్కితే గుండెకు మంచిదని వాళ్ళు ఆ వారంలోనే కనిపెట్టారు. నష్టమంతా ఐదో అంతస్తులో ఒక్కర్తే ఉంటున్న పేరిందేవమ్మది.

పేరిందేవమ్మకు డెబ్బై దాటాయి. రైల్వే గార్డుగా చేసి రిటైరైన ముత్యాలరావు గారి భార్య. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆవిడ నోరు ఎంత గట్టిదో మోకాళ్ళు అంత మెత్తన. లిఫ్టు లేకుండా దిగితే మళ్ళీ ఎక్కలేదు, కాబట్టి దిగడం మానేసింది. ఆ అంతస్తులో తక్కిన మూడు ఫ్లాట్లకూ తాళాలు. పాలు, కూరలు, మందులు అన్నీ వసారా పిట్టగోడ మీంచి తాడు కట్టి దింపిన వెదురుబుట్టలో పైకి వచ్చేవి. ఆవిడ తిండికి లోటు లేదు. లోటల్లా జైతూన్‌బీ.

జైతూన్‌బీ కింది అంతస్తులో, లిఫ్టు తలుపుకు ఎదురింట్లో ఉంటుంది. ఆవిడకు ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే అయిదో మెట్టు మీద కూర్చుండిపోతుంది. ఏళ్ళ తరబడి రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకి పేరిందేవమ్మ లిఫ్టులో దిగడమూ, ఇద్దరూ నేల మీద గళ్ళు గీసుకుని అష్టాచెమ్మా ఆడుకోవడమూ, దీపాలు పెట్టే వేళకి ఒకళ్ళనొకళ్ళు దొంగ అనుకుని విడిపోవడమూ జరిగేది. లిఫ్టు ఆగాక ఫోనులో ఆడదామని చూశారు. ఫోనులో అయితే గవ్వలు ఎన్ని పడ్డాయో అవతలివాళ్ళ మాట మీద నమ్మాలి. ఇద్దరూ ఆటలో ఆరితేరిన దొంగలే. దాంతో రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు బుట్టలో సేమ్యా పాయసం పైకొచ్చింది, గోంగూర పచ్చడి కిందికి వెళ్ళింది. ఆట మాత్రం మళ్ళీ సాగలేదు. పేరిందేవమ్మకు ఆ వేళయ్యేసరికి చేతులు ఊరికే ఉండలేక గవ్వల డబ్బా తీసి, ఒకసారి గలగలలాడించి, మళ్ళీ మూత పెట్టేసేది. ఆవిడకు ఏడుపొచ్చేది ఆ ఒక్క వేళలోనే.

అలాంటి రోజుల్లో కొత్త అధ్యక్షుడి ఎన్నిక కోసం సంఘం సమావేశమైంది. పేరిందేవమ్మ తరఫున జైతూన్‌బీ ఫోను పట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

సంఘం కార్యదర్శి గెద్దాడ వీర్రాజు. మొదటి అంతస్తు. బజార్లో రంగుల కొట్టు ఉంది. బ్యాంకులో ఉన్న సొమ్ముతో గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టించాలని ఆయన కోరిక. ఆర్చి కడితే దానికి రంగులు వేయాల్సి వస్తుంది, అది వేరే సంగతి. ఆయనకు కావలసింది అధ్యక్షుడు కాదు, అధ్యక్షుడి సంతకం. అందుకని తన పక్క ఫ్లాటు సోమయాజులు గారిని చూసి పెట్టుకున్నాడు. సోమయాజులు గారు తర్కశాస్త్రం లెక్చరరుగా రిటైరయ్యారు. ఆయన ఎవరితోనైనా కాదు అనగా ఇంతవరకు ఎవరూ వినలేదు.

అయితే నేరుగా ఎన్నిక పెడితే మళ్ళీ కుర్చీలు లేస్తాయి. అప్పుడు చామర్తి దక్షిణామూర్తి గారు లేచారు. రెండో అంతస్తు. ఉద్యోగమంతా ఎన్నికల విభాగంలో డిప్యూటీ తాసిల్దారుగా చేశారు. ఆయన ఇంట్లో ఉప్మాలోకి జీడిపప్పు వేయాలన్నా ముందు నోటిఫికేషను వెలువడుతుందని చెప్పుకుంటారు.

"సభ్యులకు విజ్ఞప్తి," అన్నారాయన. "నేరు ఎన్నిక అనునది అనాగరిక పద్ధతి. మన దేశమే తన ప్రథమ పౌరుణ్ణి నేరుగా ఎన్నుకొనుట లేదు. కుర్చీలు విరగకుండవలెనన్న, కుర్చీ ఎక్కబోవు వ్యక్తిని కుర్చీలలో కూర్చున్న వ్యక్తులు ఎన్నుకొనరాదు. కావున పరోక్ష పద్ధతి ప్రతిపాదించడమైనది."

పద్ధతి ఏమిటంటే, ప్రతి అంతస్తూ ఒక నియోజకుణ్ణి ఎన్నుకుంటుంది. ఆ నియోజకులు కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. నియోజకుడి ఓటు ఒక్కటే గాని దాని విలువ ఒక్కటి కాదు. అంతస్తులో ఎంత జనాభా ఉంటే ఓటుకు అంత విలువ.

"ఇప్పుడున్న జనాభాయేనా అండీ?" అని ఎవరో అడిగారు.

"కాదు," అన్నారు దక్షిణామూర్తి గారు, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ఇప్పటి జనాభా లెక్కించిన యెడల, ఓటు విలువ పెంచుకొనుటకై సభ్యులు బంధువులను రప్పించుకొందురు. సంతానమును సైతం పెంచుకొందురు. కావున ఆధార సంవత్సరము ఒకటి నిర్ణయించి అచ్చట జనాభాను స్తంభింపజేయవలెను. మన కట్టడము ప్రారంభమైన తొలి వార్షికోత్సవమే ఆధారము. ఇరవై ఐదేళ్ళ వరకు దీనిని మార్చరాదు. దేశంలోనూ ఇంతే."

ఆ తర్వాత ఆయన అధ్యక్ష పదవి గౌరవాన్ని గురించిన అధ్యాయం చదివారు. ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఢిల్లీ వెళ్ళి, అక్కడి పెద్ద భవనాన్ని ఇనుప గేటు బయటి నుంచి చాలాసేపు చూసి వచ్చారు. అది చదివేముందు చొక్కా పైగుండీ పెట్టుకున్నారు. "అధ్యక్షులవారు ఎవరి వద్దకూ పోరు. ఎవరైననూ అధ్యక్షులవారి వద్దకే పోవలెను. ప్రమాణ స్వీకారము, ఫైళ్ళ సమర్పణ, కార్యదర్శి వారం వారం స్వయంగా సమర్పించు నివేదిక, సమస్తమూ అధ్యక్షుల వారి అధికార నివాసమందే జరుగవలెను."

వీర్రాజు లోలోపల లెక్క వేసుకున్నాడు. సోమయాజులు గారి ఇల్లంటే తన గుమ్మం దాటి నాలుగడుగులు. కాఫీ తాగుతూ సంతకం పెట్టించుకోవచ్చు. "బాగుందండి, పాస్ చేసేద్దాం," అన్నాడు. అందరూ చేతులెత్తారు. టిఫిను సిద్ధంగా ఉందన్న కబురు అప్పుడే వచ్చింది.

ఇక జనాభా లెక్కలు తేల్చాలి. తొలి వార్షికోత్సవం నాటి జనాభాకు సంఘం దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే. హాల్లో గోడకు వేలాడుతున్న పెద్ద ఫోటో. ఆ రోజున ఫోటోగ్రాఫరు రోడ్డుకు అవతల నిలబడి, ఎవరి అంతస్తు వసారాలో వాళ్ళని నిలబెట్టి, కట్టడం మొత్తాన్ని ఒక్క ఫ్రేములో పట్టాడు. దక్షిణామూర్తి గారు భూతద్దం తెప్పించారు. ఫోటోను దింపి బల్ల మీద పడుకోబెట్టారు.

జైతూన్‌బీ ఫోనులో గుసగుసగా వ్యాఖ్యానం చెబుతోంది. "కింది అంతస్తు పది మందంట వదినా. చంకలో పిల్లోడు మనిషా కాదా అని కాసేపు కొట్టుకున్నారు. మనిషేనని తేల్చేరు. ఇప్పుడు మొదటి అంతస్తు చూస్తున్నారు."

మొదటి అంతస్తు దగ్గర అందరూ బల్ల మీదికి వంగారు. ఆ ఏడు ఆ అంతస్తులో ఇంకా ఎవరూ చేరలేదు. పై పనుల కోసం తెచ్చిన సిమెంటు బస్తాలు అక్కడ పేర్చి ఉంచారు. ఫోటోలో వసారా పొడవునా బస్తాలే. వాటి మీద ఒక కుక్క పడుకుని కెమెరా వైపు చూస్తోంది.

"మొదటి అంతస్తు జనాభా, సున్న," అన్నారు దక్షిణామూర్తి గారు.

వీర్రాజు ముఖం సున్నం కొట్టినట్టయింది. "అదేంటండీ. మరి మా ఓటో?"

"ఓటు హక్కు సంపూర్ణముగా కలదు. దానిని తమరు నిర్భయంగా వినియోగించుకొనవచ్చును. విలువ మాత్రమే లేదు."

"పోనీ ఆ కుక్కనన్నా..."

"శునకములు జనాభా కిందికి రావు."

రెండు, మూడు, నాలుగు అంతస్తులు పదీ పదీ తేలాయి. భూతద్దం ఐదో అంతస్తుకు చేరింది. చేరి అక్కడే ఆగిపోయింది. ఐదో అంతస్తు వసారాలో జనం కిక్కిరిసి ఉన్నారు. తలల వెనక తలలు, భుజాల మధ్య తలలు, పిట్టగోడ కంతల్లోంచి పిల్లల తలలు. ఒకాయన చేతిలో గరిటె కూడా ఉంది. ఆ రోజు ముత్యాలరావు గారి షష్టిపూర్తి. ఊళ్ళ నుంచి దిగిన చుట్టాలంతా, వంటవాళ్ళతో సహా, ఫోటో తీస్తున్నారంటే వసారాలోకి వచ్చి నిలబడ్డారు.

"వాళ్ళు చుట్టాలండీ, ఇక్కడోళ్ళు కాదు," అని వీర్రాజు మొత్తుకున్నాడు.

"గణన నాటి ఉదయమున ఎవరు ఎచ్చట ఉందురో అచ్చటి జనాభా కిందనే జమ," అన్నారు దక్షిణామూర్తి గారు. "ఐదో అంతస్తు, యాభై మూడు. మిగతా అన్నియు కలిపి, నలభై."

ఫోనులో జైతూన్‌బీ గొంతు మెత్తబడింది. "మా అన్నయ్యని కూడా లెక్కేసేరు వదినా. మధ్యలో పట్టు కండువాతో ఉన్నారు. భూతద్దంలో ఎంత బాగున్నారో."

"పోయినాయన్ని ఎలా లెక్కేస్తారే?"

జైతూన్‌బీ అడిగి చెప్పింది. "చావులు పరిగణనలోకి తీసుకోరంట."

పేరిందేవమ్మ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. ఈ ఆరేళ్ళలో ఆయన్ని ఉన్న మనిషిగా లెక్కలోకి తీసుకున్నది వీళ్ళు ఒక్కళ్ళే. ఆ పద్ధతి ఎంత పిచ్చిదైనా, అందుకు మాత్రం ఆవిడకు దాని మీద గౌరవం కలిగింది.

తర్వాత అంతస్తుల వారీగా నియోజకుల ఎన్నికలు జరిగాయి. ఐదో అంతస్తులో ఓటరు ఒక్కరే. పేరిందేవమ్మ. అయినా దక్షిణామూర్తి గారు పద్ధతి తప్పలేదు. బుట్టలో నోటిఫికేషను పైకొచ్చింది. నామినేషన్లకు గడువు, ఉపసంహరణకు గడువు ఇచ్చారు. ప్రచారం ముగిసిన తర్వాత ఒక పూట మౌనం పాటించమన్నారు. ఆ పూట ఆవిడ జైతూన్‌బీతో ఫోనులో కూడా మాట్లాడకుండా, పప్పు తాలింపు వేస్తూ తనకు తాను ఓటు వేయాలా వద్దా అని ఆలోచించుకుంది. పోలింగు నూరు శాతం నమోదైనట్టూ, ఎలాంటి అవాంఛనీయ సంఘటనలూ జరగనట్టూ ఆయన సాయంత్రం ప్రకటించారు.

మర్నాడు వీర్రాజు సోమయాజులు గారిని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. నాలుగో అంతస్తు దాకా వాళ్ళ మాటలు వినపడ్డాయి. ఆ పైన ఊపిరి మాత్రమే వినపడింది. గుమ్మంలోకి వచ్చి ఇద్దరూ ద్వారబంధాన్ని చెరోపక్కా పట్టుకుని నిలబడ్డారు. పేరిందేవమ్మ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి, వాళ్ళు మళ్ళీ మనుషులయ్యే వరకు ఆగింది.

"పిన్నిగారూ," అన్నాడు వీర్రాజు. "సోమయాజులు గారిని గెలిపించెయ్యండి. ఆయన కుర్చీలో కూకున్న మర్నాడే లిఫ్టు. ఆయ్, నా మాట నమ్మండి."

పేరిందేవమ్మ సోమయాజులు గారి వైపు తిరిగింది. "ఏవండీ మాస్టారూ, మీరు గెలిస్తే మొట్టమొదట ఏ కాయితం మీద సంతకం పెడతారు?"

సోమయాజులు గారు వీర్రాజు వైపు చూశారు. వీర్రాజు మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు. "కార్యదర్శి గారు ఏది ముందు పెడితే అది," అన్నారాయన నిజాయితీగా.

"రెండోది?"

"దాని కింద ఉన్నది."

వాళ్ళు వెళ్ళాక పేరిందేవమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి చూసింది. రోడ్డు మీదికి రాగానే వీర్రాజు చేతులు పైకెత్తి గాల్లో ఒక పెద్ద ఆర్చి గీస్తున్నాడు. సోమయాజులు గారు తలాడిస్తున్నారు. వీర్రాజు ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అని ఆవిడకు తెలియనిది కాదు. ఈయనైతే ఏరు దాటకముందే కట్టెలకు బేరం పెడుతున్నాడు. ఆవిడ లోపలికి వచ్చి నామినేషను చీటీ రాసుకుంది. ప్రతిపాదించినవారు పేరిందేవమ్మ, బలపరచినవారు పేరిందేవమ్మ. ప్రతిపాదకుల ఓటు విలువ చాలినంత ఉండాలన్నారు గాని వాళ్ళు ఇద్దరై ఉండాలని ఎక్కడా అనలేదు. బుట్ట కిందికి దిగింది.

పోలింగు కేంద్రం కింది హాల్లో. నియోజకులు ఊదారంగు సిరా పెన్నుతోనే రాయాలి. టిక్కు పెట్టకూడదు, ఒకటి, రెండు అని ప్రాధాన్యతలు అంకెల్లో వేయాలి. వేరే రంగు పడితే ఓటు చెల్లదు. ఆ పెన్ను ఒక్కటే ఉంది. ఐదుగురు నియోజకులూ వరసగా వచ్చి వేశారు. ఆరో నియోజకురాలు దిగలేదు. ఎన్నికల అధికారి దక్షిణామూర్తి గారు ఎక్కరాదు. నియోజకుల ఇంటికి వెళ్ళి కాఫీ తాగితే అధికారి లొంగిపోతాడన్న అనుమానంతో ఆ నిబంధన ఆయనే పెట్టుకున్నారు.

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచి, "సదరు బుట్టను పోలింగు కేంద్రమందలి అంతర్భాగముగా ప్రకటించడమైనది," అన్నారు.

బుట్టలో బ్యాలెట్టు, పెన్ను పైకి వెళ్ళాయి. హాల్లోని వాళ్ళంతా రోడ్డు మీదికి వచ్చి తలలెత్తి నిలబడ్డారు. ఓటు రహస్యం కాబట్టి ఆ తలలు ఎత్తి ఉన్నంతసేపూ కళ్ళు మూసుకోవలసిందిగా ఆయన ఆదేశించారు. పేరిందేవమ్మ ఓటు వేసి, చీటీ మడిచి, బుట్ట దింపింది. అది సగం దూరం వచ్చేసరికి ఆకుకూరల సాయమ్మ తట్టతో వచ్చింది. అందరూ ఎందుకు కళ్ళు మూసుకున్నారో ఆమెకు అర్థం కాలేదు. బుట్ట చేతికందగానే రోజూలాగే ఒక తోటకూర కట్ట అందులో పడేసి, "రేపిద్దురు గాని అమ్మగారూ" అని పైకి కేకేసి వెళ్ళిపోయింది.

"పోలింగు కేంద్రములోనికి అనధికారిక వస్తువు ప్రవేశించినది," అన్నారు దక్షిణామూర్తి గారు పాలిపోయి. "రీపోలింగు."

తోటకూర సాక్ష్యంగా సీలు వేశారు. రెండోసారి బుట్ట దిగేదాకా వీధికి రెండు వైపులా ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టారు. పేరిందేవమ్మ మళ్ళీ అదే అంకె అక్కడే వేసింది. కాస్త విసుగ్గా వేయడంవల్ల ఒకటి మొదటిదానికంటే పొడుగ్గా వచ్చింది.

ఓట్లు ఆరు. అందులో ఐదు సోమయాజులు గారికి పడ్డాయి, ఒకటి పేరిందేవమ్మకు పడింది. ఐదు ఓట్ల విలువ నలభై. ఒక ఓటు విలువ యాభై మూడు. ఐదుకు ఒకటి తేడాతో ఘన విజయం సాధించిన శ్రీమతి పేరిందేవమ్మ గారిని సంఘం అధ్యక్షురాలిగా ప్రకటించారు. సోమయాజులు గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. తర్కశాస్త్రం చదివిన మనిషికి అందులో తప్పేమీ కనిపించలేదు.

ప్రమాణ స్వీకారానికి కార్యవర్గమంతా మెట్లెక్కింది. దక్షిణామూర్తి గారు పట్టు శాలువా తెచ్చారు. మూడో అంతస్తులో ఆయన శాలువా కప్పుకుని కూర్చుండిపోవడంతో ముహూర్తం కొంచెం జరిగింది. పైకి వచ్చాక ప్రమాణం చదివించారు. అయిపోగానే పేరిందేవమ్మ, "ఏదీ, ఆ లిఫ్టు కాయితం ఇలా ఇవ్వండి," అంది.

దక్షిణామూర్తి గారు చేతులు కట్టుకున్నారు. "అధ్యక్షులవారికి సర్వాధికారములూ కలవు. అయితే వాటిని కార్యదర్శి సలహా మేరకు మాత్రమే వినియోగించవలెను."

"అంటే?"

"అంటే స్వయముగా ఏమియు చేయరాదు."

వీర్రాజు ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. చంకలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. మందపాటి అట్ట, దాని మీద ఆర్చి బొమ్మ. "కార్యవర్గం సలహా ఇదేనండి," అన్నాడు.

పేరిందేవమ్మ ఆ బొమ్మ వంక చూసింది. ఇంత తతంగం నడిపి తనను కూర్చోబెట్టింది ఈ బొమ్మ మీద సంతకం పెట్టడానికా అనిపించింది. కింద జైతూన్‌బీ ఈపాటికి గవ్వలు తుడిచి పెట్టుకుని ఉంటుంది, పిచ్చిది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడే పెట్టాలా? తిప్పి పంపే వీలేమైనా ఉందా?" అని అడిగింది.

"పునఃపరిశీలన కోరుతూ ఒక్కసారి తిప్పి పంపవచ్చును," అన్నారు దక్షిణామూర్తి గారు.

"అయితే పంపుతున్నాను. ఆర్చి కింది నుంచి అంబులెన్సు పడుతుందో లేదో కొలిచి రమ్మనండి."

ఫైలు కిందికి వెళ్ళింది. కార్యవర్గం కొలిచి, పడుతుందని తీర్మానించి, వీర్రాజు చేత మళ్ళీ పైకి పంపింది. ఈసారి ఆయన నాలుగో అంతస్తులో ఆగి మంచినీళ్ళడిగి తాగి వచ్చాడు. "రెండోసారి వస్తే సంతకం పెట్టాల్సిందేనండి. రూలు," అన్నాడు, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"పెట్టక ఏం చేస్తాను నాయనా. ఎప్పట్లోగా పెట్టాలి?"

వీర్రాజు ఫోను చేసి దక్షిణామూర్తి గారిని అడిగాడు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు గర్వంగా పలికింది. "గడువు వ్రాయలేదు. దేశంలోనూ వ్రాయలేదు."

పేరిందేవమ్మ ఫైలు తీసుకుని పరుపు కింద పెట్టింది. "పరిశీలిస్తున్నాను," అంది.

అక్కడి నుంచి ఆవిడ నిజంగా అధ్యక్షురాలైంది. వారం వారం కార్యదర్శి స్వయంగా వచ్చి కట్టడం స్థితిగతులు నివేదించాలి కదా. వీర్రాజు వచ్చేవాడు. పంపు లీకవుతోందా అని అడిగేది. తెలుసుకొస్తానని దిగి, తెలుసుకుని ఎక్కేవాడు. మేడ మీదికి వచ్చే పిల్లి ఏ అంతస్తుదో విచారించి రమ్మనేది. కొత్తగా అద్దెకు దిగిన బ్యాంకు ఉద్యోగి తన అద్దె ఒప్పందాన్ని అధ్యక్షురాలికి సమర్పించుకోవాలని దక్షిణామూర్తి గారు తీర్పిచ్చారు. పరాయి దేశపు రాయబారులు అలాగే చేస్తారట. ఆయన్ని పైకి తీసుకెళ్ళి పరిచయం చేయాల్సింది కార్యదర్శి. కేబులు కుర్రవాడికీ ఇదే మర్యాద. పాల ప్యాకెట్లు వేసేవాడు మారితే ఆ వేడుకకు దక్షిణామూర్తి గారు కూడా రావలసి వచ్చింది. పద్ధతి ఆయనదే కాబట్టి పైకి రాను అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆయన ఒక్కో మెట్టు మీదా ఆగి, అధ్యక్ష పదవి గౌరవాన్ని తలుచుకుని, తర్వాతి మెట్టు ఎక్కేవారు.

వచ్చినవాళ్ళందరికీ పేరిందేవమ్మ మజ్జిగిచ్చేది. ఎవరి మీదా విసుక్కోలేదు. ఇంటికి ఇంతమంది వచ్చిపోయి ఆరేళ్ళయింది, ఆవిడకు అది బాగానే ఉంది.

వీర్రాజు రంగుల కొట్టులో స్టూలెక్కడం మానేశాడు. మెట్లెక్కితే గుండెకు మంచిదన్న మాట కింది అంతస్తుల్లో ఇప్పుడు ఎవరూ అనడం లేదు. ఒకరోజు ఆయన రాత్రి కాళ్ళకు పెట్టుకున్న వాము కాపడం వాసనతోనే పైకి వచ్చి, ద్వారబంధం పట్టుకుని, ఒక పలచటి ఫైలు చాచాడు.

"ఏంటి నాయనా ఇది?"

"లిఫ్టండి." ఊపిరి తీసుకున్నాడు. "కార్యవర్గం ఏకగ్రీవంగా సలహా ఇస్తోందండి."

పేరిందేవమ్మ, ఎన్నికనాటి నుంచి తన దగ్గరే ఉండిపోయిన ఊదారంగు పెన్ను మూత తీసింది. "మీ సలహా మేరకే పెడుతున్నానండి," అంది. "నేను స్వయంగా ఏమీ చేయకూడదు కదా."

లిఫ్టు బాగైన రోజు మధ్యాహ్నం కాఫీ వేళకి పేరిందేవమ్మ జరీ అంచు చీర కట్టుకుని, గవ్వల డబ్బా చేత పట్టుకుని, చంకలో ఏదో మూట పెట్టుకుని కిందికి దిగింది. తలుపు తెరుచుకోగానే ఎదురుగా జైతూన్‌బీ నిలబడి ఉంది. జైతూన్‌బీ ఆవిడ భుజం పట్టుకుని, చిక్కిపోయావన్నట్టు ఒకసారి నొక్కింది. గుమ్మంలో కాలు పెట్టబోతుంటే వెనక నుంచి దగ్గు వినపడింది.

దక్షిణామూర్తి గారు. ముఖంలో చెప్పలేనంత బాధ. "అమ్మా, క్షమించవలెను. అధ్యక్షులవారు ఎవరి వద్దకూ పోరాదు. అధ్యాయం ఆరు."

పేరిందేవమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ వీళ్ళందరినీ ఐదంతస్తులు ఎక్కించిన నిబంధన, ఇప్పుడు జైతూన్‌బీ గడప ముందుకు వచ్చి అడ్డం నిలబడింది. ఆవిడ గడప వంక చూసింది, దక్షిణామూర్తి గారి వంక చూసింది.

"ఏవండీ, ఢిల్లీలో ఉండే ఆయన ఏటా చలికాలం హైదరాబాదు వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్తారు కదా. దాన్నేమంటారు?"

దక్షిణామూర్తి గారి కళ్ళు మెరిశాయి. "శీతాకాల విడిది."

"ఇది నాదే," అంది పేరిందేవమ్మ, జైతూన్‌బీ ఇంటిని చూపించి.

"ఇప్పుడు వైశాఖమాసమమ్మా."

"కిందింట్లో చల్లగా ఉంటుంది."

దేశంలోనూ ఉన్నది కాబట్టి కాదనే దారి ఆయనకు దొరకలేదు. పక్కకు తప్పుకుని చేతులు జోడించారు.

సాయంత్రం వీర్రాజు కొట్టు నుంచి వస్తూ జైతూన్‌బీ ఇంటి ముందు చెప్పులు చూసి ఆగాడు. ఐదంతస్తులు ఎక్కకుండా అధ్యక్షురాలు దొరకడం ఇదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి వినయంగా అడిగాడు.

"పిన్నిగారూ, మన ఆర్చి ఫైలు ఎంతవరకు వచ్చిందండి?"

ఆర్చి ఫైలు వాళ్ళిద్దరి మధ్య నేల మీద బోర్లా పరిచి ఉంది. దాని మందపాటి అట్ట వెనకవైపు ఊదారంగు సిరాతో గళ్ళు గీసి ఉన్నాయి. నాలుగు చింతపిక్కలు, నాలుగు గాజుముక్కలు ఆ గళ్ళలో అక్కడక్కడా ఉన్నాయి. జైతూన్‌బీ వేసిన ఒక గవ్వ మీద కళ్ళు నిలిపి, అది దానంతటదే వెల్లకిలా పడ్డదో జైతూన్‌బీ వేలితో తిప్పిందో తేల్చుకుంటూ, తలెత్తకుండానే పేరిందేవమ్మ జవాబిచ్చింది.

"పరిశీలనలోనే ఉంది నాయనా. ఇదిగో, ఇద్దరం కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నాం."

వీర్రాజు ఆ గళ్ళ వంక ఒకసారి చూసి, లిఫ్టులో పైకి వెళ్ళిపోయాడు. ఆయన ఇల్లు మొదటి అంతస్తే.